గది కూడా వాయిస్తుంది!

కనుమనాడు కోనసీమలో, అంబాజీపేట దగ్గరి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు గ్రామాల ప్రభలు చేలమీదుగా, కాలువలు దాటుకుంటూ అక్కడికి చేరుకుంటాయి. ప్రభ ఇంకా చాలా దూరంలో ఉండగానే దాని రాక మనకు తెలిసిపోతుంది. కొబ్బరితోటల అవతలనుంచి ‘ఢమ్, ఢమ్’ అని డోలు చప్పుడు వినబడుతుంది. సన్నాయి మాత్రం వినబడదు. ప్రభ బాగా దగ్గరకు వచ్చిన తరువాతనే సన్నాయి స్వరం, మైకుసెట్టులో మాటలు, జనం కేకలు విడివిడిగా తెలుస్తాయి.

డోలు, సన్నాయి రెండూ ఒకేచోట మోగుతున్నాయి. రెండింటినీ మోసుకొచ్చేది ఒకే గాలి. అలాంటప్పుడు ఒకటి ముందు, మరొకటి వెనుక ఎందుకు తెలుస్తుంది? డోలుది మంద్రస్వరం. అంటే దాని పౌనఃపున్యం తక్కువ, తరంగ దైర్ఘ్యం ఎక్కువ. అంత పొడవైన తరంగాలు చెట్లను, గోడలను చుట్టుకొని ముందుకు సాగిపోతాయి. దీనినే వివర్తనం అంటారని మీరు పాఠాలలో చదువుకొనే ఉంటారు. సన్నాయిలోని తారస్వరాల తరంగాలు పొట్టివి. ఆకులు, కొమ్మలు వాటిని చెల్లాచెదరు చేస్తాయి. కొంత భాగాన్ని గాలే పీల్చుకుంటుంది.

మంద్రస్వరానికీ తారస్వరానికీ ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి. ఇవాళ మనం చెప్పుకోబోయే విషయమంతా దీనిమీదనే ఆధారపడి ఉంది.

ఇంట్లోనే స్టూడియో

కోనసీమకు సంగీతం కొత్త కాదు. సంగీత విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో జన్మించినది రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలోనే. అయితే ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసు స్టూడియోలకు వెళ్ళాలి. లేదా 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం వంటి చోటికి పోవాలి. ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, మైకును కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె ఉంటే చాలు. అమలాపురంలోగాని, కొత్తపేటలోగాని, ఏ పల్లెటూరిలోగాని ఒక పడకగదే స్టూడియో అవుతుంది. భక్తిగీతాలు, క్రైస్తవ గీతాలు, జానపదాలు, పెళ్ళిపాటలు అక్కడ తయారవుతాయి.

అన్నీ అమరిన తరువాత చివరి ప్రశ్న వస్తుంది. రికార్డు చేసిన పాటను సరిదిద్దడానికి ఎలాంటి స్పీకర్లు కొనాలి? ఎన్ని అంగుళాలవి? సబ్‌వూఫరు కూడా కావాలా? దుకాణంలో అడిగితే, ‘పెద్దది తీసుకోండి, బాగా మోగుతుంది’ అంటారు. ఆ సలహా వినేముందు కాస్త భౌతికశాస్త్రాన్ని కూడా సంప్రదిద్దాం. ఇంట్లోవారు కష్టపడి కూడబెట్టిన డబ్బు ఖర్చుపెట్టే ముందు ఆ మాత్రం ఆలోచించడం న్యాయమే కదా!

మానిటరు అంటే ఏమిటి?

స్టూడియోలో వాడే స్పీకరును మానిటరు అంటారు. ఇంట్లో పాటలు వినే స్పీకరుకూ దీనికీ తేడా ఏమిటి? ఇంటి స్పీకరు మనలను సంతోషపెట్టడానికి తయారైంది. అందుకోసం చాలాసార్లు మంద్రస్వరాలను కొంత పెంచి, తారస్వరాలకు కొంత మెరుగు పెట్టి వినిపిస్తుంది. మానిటరు పని అది కాదు. పాటలో ఏది ఎంత ఉందో అంతే చెప్పడం దాని పని.

అంగడిలోని తక్కెడను తలచుకోండి. సిబ్బి అడుగున చింతపండు ముద్ద అంటించిన తక్కెడ దుకాణదారుకు సంతోషం కలిగించవచ్చు. సరుకు బరువు మాత్రం నిజంగా చెప్పదు. మానిటరు ఒక తక్కెడ. పాట దానిలో తూచే సరుకు.

దీనికి పేరుపొందిన ఉదాహరణ ఒకటి ఉంది. జపానుకు చెందిన యమహా కంపెనీ 1978లో ‘ఎన్ఎస్-10’ అనే స్పీకరును ఇళ్ళలో వాడకానికని విడుదల చేసింది. ఇళ్ళలో అది అంతగా నచ్చలేదు. మంద్రస్వరాలు దానిలో తక్కువ. కాని రికార్డింగు ఇంజనీర్లకు అది నచ్చింది. పాటలో లోపం ఉంటే అది దాచకుండా బయటపెట్టేది. తెల్లని కోనుతో ఉండే ఆ చిన్న పెట్టెలు ప్రపంచంలోని ఎన్నో స్టూడియోలలో చోటు సంపాదించాయి. 2001లో వాటి తయారీ ఆగిపోయింది. చెవికి ఇంపుగా ఉండటం వేరు, నిజం చెప్పడం వేరు అనడానికి ఆ స్పీకరే సాక్ష్యం.

పెట్టె లోపల

స్పీకరు పనిచేసే తీరు తేలికైనదే. అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు అటూ ఇటూ మారుతూ ప్రవహిస్తే చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. చుట్టకు అతికించిన కాగితపు కోను గాలిని నెడుతుంది. ఈ రకపు స్పీకరుకు ఇప్పటి రూపం ఇచ్చినవారు అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు. వారు దాని వివరాలు ప్రకటించిన సంవత్సరం 1925.

మానిటరులో సాధారణంగా రెండు స్పీకర్లు ఉంటాయి. పెద్దది వూఫరు, మంద్ర, మధ్య స్వరాలు దాని వంతు. చిన్నది ట్వీటరు, తారస్వరాలు దాని వంతు. వూఫరు ఎందుకు పెద్దదిగా ఉండాలి? పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు అంతే ధ్వని రావాలంటే కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 100 హెర్ట్జ్‌ల దగ్గర 1 మిల్లీమీటరు కదిలితే సరిపోయే కోను, 50 హెర్ట్జ్‌ల దగ్గర 4 మిల్లీమీటర్లు, 25 హెర్ట్జ్‌ల దగ్గర 16 మిల్లీమీటర్లు కదలాలన్నమాట! చిన్న కోనుకు అది సాధ్యం కాదు. లేదా కోను వైశాల్యం పెంచాలి. 10 అంగుళాల కోను వైశాల్యం 5 అంగుళాల కోనుకు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. సబ్‌వూఫరు పెద్దదిగా ఉండటానికి కారణం ఇదే.

చాలా మానిటర్లకు ముందో వెనుకో ఒక రంధ్రం కనిపిస్తుంది. అది గాలి ఆడటానికి పెట్టినది కాదు. ఖాళీ సీసా మూతిమీద అడ్డంగా ఊదితే ‘బూ’ మని మోగుతుంది చూడండి. ఆ రంధ్రం కూడా అలాగే పెట్టెలోని గాలిని మోగించి మంద్రస్వరానికి సాయం చేస్తుంది. అలాంటి మానిటరును గోడకు ఆనించి రంధ్రం మూసివేయరాదు.

ఇక పెట్టెమీద రాసే వాట్ల సంగతి. ‘పి.ఎం.పి.ఓ.’ అని రాసి వేల వాట్లు చూపించే పెట్టెలను నమ్మకండి. ఎడతెగకుండా ఇవ్వగల సామర్థ్యమే అసలైనది. అంతేకాదు, వాట్లు రెట్టింపు చేస్తే ధ్వని రెట్టింపు వినబడదు. తీవ్రత 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి; అంటే పది రెట్ల వాట్లు కావాలి. చిన్న గదికి వాట్ల మోజు అక్కరలేదు.

స్వరం పొడవెంత?

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 331 మీటర్లు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. మన కోనసీమ ఉక్కపోతలో 31, 32 డిగ్రీలు మామూలే కనుక సెకనుకు 350 మీటర్లు అనుకుందాం. లెక్కకు కూడా సుళువు.

వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం వస్తుంది. 10,000 హెర్ట్జ్‌ల స్వరం పొడవు 3.5 సెంటీమీటర్లు; అగ్గిపెట్టె అంత కూడా లేదు. 1,000 హెర్ట్జ్‌లకు 35 సెంటీమీటర్లు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వినబడే 100 హెర్ట్జ్‌ల ‘గుయ్’ మనే మోతకు 3.5 మీటర్లు. 50 హెర్ట్జ్‌ల స్వరానికి 7 మీటర్లు! అది మీ గది కంటే పొడవు. గదిలో పట్టని తరంగాన్ని గదిలో మోగిస్తే ఏమవుతుంది?

గది మోగే స్వరం

3.5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల శ్లాబు గదిని తీసుకుందాం. 50 హెర్ట్జ్‌ల తరంగం ఎదుటి గోడకు తగిలి తిరిగి వస్తుంది. వచ్చే తరంగం, పోయే తరంగం కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. గది పొడవు తరంగ దైర్ఘ్యంలో సరిగ్గా సగం కావడంవల్ల ఆ స్వరం దగ్గర గది అనునాదం పొందుతుంది. వేణువులోని గాలిస్తంభం కూడా ఇలాగే అనునాదం వల్ల మోగుతుంది. మీ గది ఒక పెద్ద వాద్యం అన్నమాట! దాని మంద్రస్వరం 50 హెర్ట్జ్‌లు.

ఈ స్థిర తరంగంలో ఒక చిక్కు ఉంది. గోడ దగ్గర గాలి ముందుకు కదలలేదు. అందుచేత అక్కడ పీడనంలో మార్పు గరిష్ఠం. గది మధ్యలో గాలి ఎక్కువగా కదులుతుంది. పీడనంలో మార్పు దాదాపు సున్న. మన చెవి పసిగట్టేది పీడనంలోని మార్పునే. కాబట్టి గోడ దగ్గర నిలబడినవారికి 50 హెర్ట్జ్‌ల స్వరం హోరుమంటుంది. గది నడిమధ్య కూర్చున్నవారికి దాదాపు వినబడదు. స్పీకరు ఒకటే, పాట ఒకటే. కుర్చీ చోటు మాత్రమే వేరు.

దీనివల్ల వచ్చే నష్టం చూడండి. ఒక కుర్రవాడు ఊరి తీర్థంకోసం ఒక పాట తయారు చేస్తున్నాడనుకోండి. తెలియక కుర్చీని గది మధ్యలో వేసుకున్నాడు. డోలు చప్పుడు చాలడం లేదనిపించి పెంచాడు. ఇంకా చాలదనిపించి మరికొంత పెంచాడు. ‘స్పీకరు చిన్నది, సబ్‌వూఫరు ఉంటే బాగుండును’ అనుకొని అప్పుచేసి అది కూడా కొన్నాడు. తీరా తీర్థంలో పెద్ద మైకుసెట్టుమీద పాట వేస్తే డోలు మోతలో సాహిత్యం ఒక్క ముక్క వినబడలేదు. పాడిన అమ్మాయి శ్రమంతా వృథా! తప్పు కుర్రవాడి చెవిలో లేదు, స్పీకరులో లేదు. తక్కెడ మంచిదే, అది పెట్టిన బల్ల వంకరగా ఉంది. ఆ బల్లే గది.

మరో సంగతి. మన లెక్కలోని గదికి వెడల్పు, ఎత్తు రెండూ 3 మీటర్లే. రెండింటి అనునాదమూ ఒకే చోట, అంటే సుమారు 58 హెర్ట్జ్‌ల దగ్గర పడుతుంది. రెండూ కలిసి ఆ ఒక్క స్వరాన్ని మరింత హోరెత్తిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైతే ఇంకా అధ్వాన్నం. ఇంట్లో రెండు గదులలో ఒకటి ఎంచుకొనే వీలుంటే మూడు కొలతలూ వేరువేరుగా ఉన్నదాన్ని, పెద్దదాన్ని ఎంచుకోవాలి.

మన పాత పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు ఈ విషయంలో మెరుగు. ఏటవాలు కప్పు, పెంకుల సందులు, తెరిచి ఉన్న మండువా మంద్రస్వరాలను బయటకు పోనిస్తాయి. పట్టి ఉంచేది నాలుగు గోడల శ్లాబు గదే. కాని పెంకుటింట్లోకి బయటి చప్పుడు కూడా అంత సులువుగానూ వస్తుంది; మైకుతో రికార్డు చేసేటప్పుడు అది ఇబ్బంది. ఒక లాభానికి ఒక నష్టం ఎప్పుడూ ఉంటుంది.

సబ్‌వూఫరు కావాలా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనిషి చెవి వినగల స్వరాలు సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు. మాట్లాడేటప్పుడు మగవారి గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్‌లలో, ఆడవారిది సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్‌లలో ఉంటుంది. 5 అంగుళాల మానిటరు సుమారు 50 హెర్ట్జ్‌ల వరకు, 8 అంగుళాలది సుమారు 40 హెర్ట్జ్‌ల వరకు దిగగలవు. బేస్ గిటారు అట్టడుగు తీగ స్వరం 41 హెర్ట్జ్‌లు. కాబట్టి గొంతు, వేణువు, వయొలిన్ రికార్డు చేసేవారికి సబ్‌వూఫరుతో పని తక్కువ. కీబోర్డు బేస్, పెద్ద డోళ్ళు, ఎలక్ట్రానిక్ తాళాలతో పాటలు చేసేవారికి దాని అవసరం రావచ్చు.

మన చెవిలో ఇంకో విచిత్రం ఉంది. సెల్‌ఫోనులోని బుల్లి స్పీకరు 100 హెర్ట్జ్‌ల స్వరాన్ని ఇవ్వలేదు. అయినా ఫోనులో నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగానే వినబడుతుంది. ఎందుకంటే ప్రతి స్వరంలోనూ మూలస్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు ఉంటాయి. వాటిని విని, లేని మూలస్వరాన్ని మెదడు ఊహించుకుంటుంది. మృదంగం, తబలాల మధ్యన అద్దే నల్లని పూత వల్లనే వాటి అనుస్వరాలు ఇలా పొందికగా అమరుతాయని సి.వి. రామన్ 1920లోనే ప్రకటించాడు. చిన్న మానిటరులోనూ డోలు సంగతి కొంతవరకు అంచనా వేయవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

సబ్‌వూఫరు కొన్నా ఒకటి చాలు. సాధారణంగా 80 హెర్ట్జ్‌ల కింది స్వరాలను మాత్రమే దానికి అప్పగిస్తారు. ఆ స్వరం పొడవు 4 మీటర్లకు పైమాటే. మన రెండు చెవుల మధ్య దూరమో, సుమారు ఒక జానెడు! అందుచేత అంత మంద్రస్వరం ఏ దిక్కునుంచి వస్తున్నదో చెవి చెప్పలేదు. అలాగని ఎక్కడ పడితే అక్కడ పెట్టరాదు. మూల పెడితే గది అనునాదాలన్నీ ఒక్కసారి మేల్కొంటాయి.

చోటు వెతకడానికి తమాషా అయిన ఉపాయం ఒకటి ఉంది. సబ్‌వూఫరును తెచ్చి మీరు కూర్చొనే కుర్చీ ఉన్నచోట పెట్టండి. మంద్రస్వరాలున్న పాట వేసి, మీరు గోడల వెంబడి వంగి నడుస్తూ, తల నేలకు దగ్గరగా ఉంచి వినండి. అన్ని స్వరాలూ హోరు లేకుండా, లోటు లేకుండా సమంగా వినబడే చోటు దొరుకుతుంది. సబ్‌వూఫరును అక్కడకు మార్చి మీరు కుర్చీలో కూర్చోండి. స్పీకరు, చెవి చోట్లు తారుమారు చేసినా మధ్యనున్న ధ్వనిమార్గం మారదు కనుక ఇది పనిచేస్తుంది.

సబ్‌వూఫరు వెనుక 0, 180 అని గుర్తులున్న ఒక మీట ఉంటుంది. సబ్‌వూఫరు గాలిని ముందుకు నెట్టేటప్పుడు మానిటరు వెనుకకు లాగితే, రెండూ కలిసే స్వరం దగ్గర ధ్వని సన్నగిల్లుతుంది. మీట రెండువైపులా మార్చి చూసి, 80 హెర్ట్జ్‌ల ప్రాంతం ఎటువైపు నిండుగా వినబడితే అటు ఉంచాలి.

ఎక్కడ పెట్టాలి?

రెండు మానిటర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి. మూడు భుజాలూ ఒక మీటరు, మీటరుంబావు ఉంటే చిన్న గదికి చాలు. ట్వీటరు చెవి ఎత్తున ఉండాలి. ఎడమ మానిటరునుంచి ఎడమ గోడకు ఎంత దూరమో, కుడి మానిటరునుంచి కుడి గోడకు అంతే దూరం ఉండాలి. లేకపోతే పాట ఒక పక్కకు ఒరుగుతుంది.

మీ కుర్చీ గది మధ్యలో ఉండరాదని చూశాం. వెనుక గోడకు ఆని కూడా ఉండరాదు. గది పొడవులో ముందు గోడనుంచి సుమారు 38 శాతం దూరం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. 3.5 మీటర్ల గదికి అది సుమారు 1.3 మీటర్లు. అక్కడ మొదలుపెట్టి, వింటూ కొద్దికొద్దిగా ముందుకూ వెనుకకూ జరుపుకోవాలి.

మానిటరుకూ వెనుక గోడకూ మధ్య దూరం కూడా ముఖ్యమే. గోడకు తగిలి వచ్చే తరంగం, నేరుగా వచ్చే తరంగం ఎదురుబొదురై ఒకదానినొకటి చంపుకొనే స్వరం ఒకటి ఉంటుంది. ధ్వని వేగాన్ని ఆ దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే అది తెలుస్తుంది. దూరం ఒక మీటరైతే 350 ÷ 4 = 87.5 హెర్ట్జ్‌లు, సరిగ్గా డోలు, మగ గొంతు ఉండే చోటు! పావుమీటరైతే 350 హెర్ట్జ్‌లు. అక్కడి తరంగాలు పొట్టివి కనుక గోడమీద మందమైన పలక పెడితే ఆ బెడద తగ్గుతుంది. అందుకే చిన్న గదిలో మానిటర్లను గోడకు ఆనించకుండా, మరీ దూరంగా కాకుండా దగ్గరగానే ఉంచుతారు. గోడ దగ్గరైనందువల్ల మంద్రస్వరాలు పెరుగుతాయి. మానిటరు వెనుక ఉండే మీటతో ఆ పెరిగినదాన్ని తగ్గించుకోవచ్చు.

కొబ్బరిపీచు సాయం

గది మోతను తగ్గించడం ఎలా? 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాలేదు. పలికిన మాట అయిదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. దీనినే ప్రతినాదం అంటాం. దీని సంగతి చూడమని భౌతికశాస్త్రం బోధించే యువకుడు వాలెస్ సబైన్‌కు అప్పగించారు. ఆయన వేరే మందిరంలోని కుర్చీ పరుపులను రాత్రివేళ తెచ్చి పరచి, ఎన్ని పరుపులకు ప్రతినాదం ఎన్ని సెకన్లు తగ్గుతుందో గడియారం పట్టుకొని కొలిచాడు. భవనాల ధ్వనిశాస్త్రం ఆ పరుపులతోనే మొదలైందనవచ్చు.

పరుపులకు బదులు మన చేతిలో కొబ్బరిపీచు ఉంది. పీచు పోగుల మధ్య గాలి కదలడంవల్ల ఘర్షణ కలిగి ధ్వనిశక్తి ఉష్ణంగా మారుతుంది. కొబ్బరిపీచు పలకలు మధ్య, తార స్వరాలను బాగా పీల్చుకుంటాయని మలేషియా శాస్త్రజ్ఞుల ప్రయోగాలలో తేలింది. మంద్రస్వరాల దగ్గర మాత్రం అవి బలహీనమే. కారణం మీరే చెప్పగలరు. పీచు పనిచేయాలంటే గాలి కదిలేచోట ఉండాలి. గోడ దగ్గర గాలి కదలదు. తరంగ దైర్ఘ్యంలో నాలుగోవంతు దూరాన ఎక్కువగా కదులుతుంది. 1,000 హెర్ట్జ్‌లకు ఆ దూరం 9 సెంటీమీటర్ల లోపే. 50 హెర్ట్జ్‌లకు 1.75 మీటర్లు! గది సగం నింపితేగాని కుదరదు. అయినా వీలైనంత మందంగా, గోడకు కొంత ఎడంగా, ముఖ్యంగా మూలలలో పెడితే కొంత గుణం కనిపిస్తుంది. మందమైన పరుపు చుట్టి మూల నిలబెట్టినా మేలే.

గోడలకు గుడ్ల అట్టలు అంటించడం ఒక అలవాటైపోయింది. పలుచని అట్టకు మంద్రస్వరాలను ఆపే శక్తి లేదు. కొద్దిగా తారస్వరాలను చెదరగొడుతుంది, అంతే. పైగా అట్ట, పీచు, నురుగు పలకలు అన్నీ త్వరగా అంటుకొనేవే. వాటిని విద్యుత్ తీగలకు, అగరువత్తులకు దూరంగా ఉంచాలి సుమా!

పలకలు ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు కుర్చీలో కూర్చోండి. స్నేహితుణ్ణి పక్క గోడ వెంబడి అద్దం జరపమనండి. అద్దంలో మానిటరు కనిపించిన చోటే ధ్వని పరావర్తనం చెంది మీ చెవికి వచ్చే చోటు. పతన కోణం, పరావర్తన కోణం సమానమనే సూత్రం ధ్వనికి కూడా వర్తిస్తుంది కదా! పలక అక్కడ పెట్టాలి.

చెవిని మరువకండి

1933లో ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చెవి స్వభావాన్ని కొలిచి ప్రకటించారు. ధ్వని సన్నగా ఉన్నప్పుడు చెవికి మంద్రస్వరాలు మరీ తక్కువగా ఆనుతాయి. ధ్వని పెరిగినకొద్దీ అవి నిండుగా తోస్తాయి. గట్టిగా పెట్టుకొని సరిదిద్దిన పాట, ఇంట్లో సన్నగా పెట్టుకొని వింటే పేలవంగా ఉండటానికి ఇది ఒక కారణం. కాబట్టి ఎప్పుడూ ఒకే స్థాయిలో పనిచేయాలి. పక్కనున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే ఆ స్థాయి సరైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి 80 డెసిబెల్‌ల ధ్వని వారానికి 40 గంటలకు మించరాదు. పాడైన చెవిని ఏ దుకాణంలోనూ కొనలేం.

ఇరుగుపొరుగు సంగతి కూడా ఉంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటలనుంచి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్‌లు పరిమితి. మీ గదిలోని సన్నాయిని గోడ చాలావరకు ఆపుతుంది. సబ్‌వూఫరు మోతను అంతగా ఆపలేదు. కొబ్బరితోట దాటి వచ్చే డోలుకు పక్కింటి గోడ ఒక లెక్కా?

వరుస తప్పకండి

ఇంతవరకు చెప్పుకొన్నదాన్ని వరుసలో పెడదాం. మొదట గదిని ఎంచుకోండి. తరువాత కుర్చీకి, మానిటర్లకు చోటు నిర్ణయించండి. దీనికి ఖర్చు లేదు. కొలతబద్ద, అద్దం చాలు. మూడోది, మీ శక్తికి తగిన 5 అంగుళాల మంచి మానిటర్ల జత. అంతకంటె పెద్ద గదికైతే 6, 7 అంగుళాలవి. నాలుగోది, మూలలకు, పక్కగోడలకు పీచు పలకలు. అయిదోది, మంచి హెడ్‌ఫోను. దానికి గదితో సంబంధం లేదు కనుక మంద్రస్వరాల విషయంలో రెండో సాక్షిగా పనికివస్తుంది. ఆ పైన పాటను ఫోనులో, ఆటోలో, గుడి మైకుసెట్టులో విని చూడండి. ఇన్ని చేసిన తరువాత కూడా కింది స్వరాలు తెలియడం లేదని నిశ్చయంగా తేలితే అప్పుడు సబ్‌వూఫరు మాట. చాలామందికి ఆ అవసరం రాకపోవచ్చు. ముందు కొనవలసింది అది కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

మీరు చేసి చూడండి

1. సామాను తీసేసిన గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. తరువాత పరుపు, దుప్పట్లు పరచి మళ్ళీ కొట్టండి. తేడాను మీ మాటలలో రాయండి.

2. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో కొలవండి. ఒక్కొక్కదాన్ని రెండుతో హెచ్చవేసి, 350ని ఆ ఫలితంతో భాగించండి. మీ గది మోగే మూడు మొదటి స్వరాలు వస్తాయి. వాటిలో రెండు దగ్గరదగ్గరగా ఉన్నాయా?

3. ఇంట్లో పెద్ద స్పీకరు ఉంటే, రెండో ప్రశ్నలో పొడవుకు వచ్చిన స్వరాన్ని సన్నని స్థాయిలో మోగించి, గది ఒక చివరినుంచి రెండో చివరికి నడవండి. ఎక్కడ హోరు, ఎక్కడ మౌనం? ఆ రెండు చోట్ల సుద్దముక్కతో గీతలు గీయండి. ఫోను స్పీకరుతో ఈ ప్రయోగం ఎందుకు కుదరదో ఆలోచించి చెప్పండి.